మొక్కిన బరువు

పోయిన వారం మీరు నన్ను పార్సిల్ ఆఫీసు కాటా మీద నిలబెట్టి వదిలేసి వెళ్లిపోయారు. నేనే దిగాను. దిగి, ముల్లు సున్నా దగ్గరికి వచ్చిందో లేదో చూసుకుని మళ్లీ ఎక్కాను. తప్పు కాటాది కాదు. ధర్మవరం చీరల మూటల నుంచి మోటార్‌సైకిళ్ల దాకా రోజూ తూచే కాటా అది. నా ఒక్కదాని మీద దానికి పగేముంటుంది? పక్షం రోజులుగా అంబలి, మజ్జిగ, చారునీళ్లు తప్ప ఇంకేమీ ముట్టని నేను రెండు కిలోలు పెరిగాను.

ఈ వారమే కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు. నా పేరు త్రివేణి. గుంతకల్లు స్టేషన్లో పార్సిల్ క్లర్కుని. నాది ఊబకాయం అని డాక్టర్లంటారు, లావు అని బంధువులంటారు, స్టేషన్లో నా వెనకాల ఏమంటారో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. నిద్రలో నాకు ఊపిరి ఆగి ఆగి వస్తోంది. షుగరు మందులకు లొంగడం మానేసింది. కడుపు చిన్నది చేసే ఆపరేషన్ ఒకటే దారి అని బెంగళూరు ఆస్పత్రిలో చెప్పారు, రైల్వేవాళ్లు సరేనన్నారు. మధ్యలో ఒకటే మెలిక. ఆపరేషన్‌కి ముందు నేను కాస్త తగ్గి రావాలి. అప్పుడే కాలేయం మీది కొవ్వు కరిగి, లోపల వాళ్ల పనిముట్లు ఆడడానికి జాగా దొరుకుతుందట. రెండుసార్లు తేదీ ఇచ్చారు. రెండుసార్లూ ఇట్లాగే అంబలి మీద ఉండి వెళ్తే, తూచి, పెరిగానని వెనక్కి పంపారు. ఈసారి కూడా తగ్గకపోతే పేరు తీసేస్తామని డాక్టరు గారు ఎంతో మర్యాదగా, నా కళ్లలోకి చూడకుండా చెప్పారు. మార్చి దాటితే రైల్వే అనుమతి కూడా చెల్లదు. వచ్చే సోమవారం నేను వాళ్ల కాటా ఎక్కాలి.

లావుగా ఉన్న మనిషి ‘నేనేమీ తినలేదు’ అంటే నమ్మే ప్రాణి ఈ భూమ్మీద లేదు. ఏం తినాలో చెప్పడానికని ఆస్పత్రిలో ఒక అమ్మాయి ఉంది. నా వేలంత నడుము. “మేడం, మీరు నిజం చెప్తేనే మేం సహాయం చేయగలం” అంది, దొంగతనం ఒప్పుకోమని ఎస్సై అడిగినట్టు. ఇంట్లో మా ఆయన శశికుమార్ సంగతి చెప్పనక్కర్లేదు. ఆయన నా మేనత్త కొడుకే, గూడ్సు రైలు గార్డు. “ఎవురికి చెప్తావే కతలు? గాలి తాగి లావయ్యేవాళ్లు యాడన్నా ఉంటారా? ఆఫీసులో ఎవురూ చూడకుండా తింటాంటావు” అన్నాడు, మొన్న కూడా. ఆ మాటకు నేను రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఆయనకే హాయి అని మూడోరోజు నేనే మాట్లాడాను.

చివరికి నా మీద నాకే అనుమానం వచ్చింది. నిద్రలో లేచి తింటున్నానేమో! అట్లా తినేవాళ్లు ఉంటారని ఎక్కడో చదివాను. పడుకునే ముందు వంటింటి గడప దగ్గర రాగిపిండి పలచగా చల్లాను. తెల్లారి వంగి చూస్తే పిండి మీద బల్లి నడిచిన గుర్తులున్నాయి గానీ నా పాదం లేదు. అక్కడే గోడ పట్టుకుని ఏడ్చాను. సంతోషంతో ఏడ్చానో, ఉక్రోషంతో ఏడ్చానో నాకే తెలియదు.

సరే, కాటా దిగాను అన్నాను కదా. ఇంటి నుంచి తెచ్చుకున్న అంబలి సీసా బల్ల మీద ఉంది. తాగబుద్ధి కాలేదు. పక్షం రోజులు కడుపు మాడ్చుకుని పెరిగినదాన్ని, ఇంకో పూట మాడితే మాత్రం ఏం తగ్గుతాను? మూటలు మోసే కుళ్లాయప్ప అప్పుడే మద్రాసు మెయిలుకు సామాను ఎక్కించి వచ్చి, తలగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు. తాగమని సీసా అతని చేతికిచ్చాను.

సగం గడగడా తాగి, ఆగి, సీసా వైపు చూశాడు. “ఏం మేడమ్మా, ఇంత కమ్మగుండాదే! మా ఇంట్లో అంబలి తాగితే గొంతు గీరుకోని పోతాది. ఇదేమో వెన్న మాదిరి జారతాండాది. శెనక్కాయ పాలు పోసినారా ఏంది?”

“లేదప్పా. రాగిపిండి, నీళ్ల మజ్జిగ, రవంత అల్లం. అంతే.”

“అట్లయితే మీ అత్త చేతిలో ఏదో ఉండాది” అని నవ్వాడు.

నేను నవ్వలేదు. ఆ కమ్మదనం నాకూ తెలుసు. ఆకలి మీద ఉన్న మనిషికి ఏదైనా కమ్మగానే ఉంటుందిలే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. కుళ్లాయప్ప అంతకుముందే రెండు జొన్నరొట్టెలు తిని ఉన్నాడు. అతనికి ఆకలెక్కడిది?

సీసాలో మిగిలినది స్టీలు మూతలోకి వంచి కిటికీ అవతల ఎండలో పెట్టాను. మార్చి నెల గుంతకల్లు ఎండ, ఎంతోసేపు పట్టలేదు. పైన చిన్న చిన్న నూనె చుక్కలు తేలి, ఒకదాన్నొకటి కలుపుకుంటూ పెద్దవయ్యాయి. రాగిపిండికి నూనె ఎక్కడిది? మజ్జిగ చూస్తే వెన్న తీసేసినది. నన్నెవరో మేపుతున్నారు. నాకు తెలియకుండా, నా ఇంట్లోనే, నా గిన్నెలోనే.

అంబలి కాచేది మా అత్త ఓబమ్మ. మా నాయన సొంత అక్క. ఆపరేషన్ మాట వచ్చిన రోజే “దేవుడిచ్చిన కడుపు కోసుకునేదేంటికి?” అని అడిగి, జవాబు కోసం చూడకుండా పెరట్లోకి వెళ్లిపోయిన మనిషి. ఆ తర్వాత ఒక్క మాట కూడా వద్దనలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మా అత్త వాదించకుండా ఊరుకుందంటే, మనసులో ఏదో పెట్టుకున్నట్టే.

మోకాళ్లు నొప్పి అని చెప్పి సెలవు పెట్టాను. నా మోకాళ్ల గురించి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. ఆటో ఎక్కితే రెండో సవారీ ఎక్కదు కాబట్టి ఇంటికి తొందరగానే చేరాను.

రైల్వే క్వార్టర్స్‌లో మా ఇల్లు వరస చివర. వీధి తలుపు ఓరగా వేసి ఉంది. చెప్పులు బయటే విడిచి లోపలికి నడిచాను. నా అంత మనిషి చప్పుడు లేకుండా నడవడం ఎంత కష్టమో నడిచినవాళ్లకే తెలుస్తుంది. వంటింట్లో అత్త నాకు వీపు చేసి నిలబడి ఉంది. తెల్లటి పంచె గుడ్డలో ఏదో మూటగట్టి, అంబలి గిన్నె మీద పట్టుకుని, రెండు చేతులా పిండుతోంది. పాలు చిక్కగా ధారకట్టి గిన్నెలో పడుతున్నాయి.

“అత్తా” అన్నాను.

గుడ్డ చేతిలోంచి జారి గిన్నెలోనే పడింది. “ఏమ్మే, ఇంత జల్దీ వచ్చినావు? డ్యూటీ లేదా?”

“అదేంది?”

“యాది?”

“ఆ గుడ్డలోది.”

“పెసరబ్యాలమ్మా. శశిగాని కోసరం వడలకు...”

“పెసరబ్యాల పాలు పిండి వడలు యా ఊర్లో చేస్తారు?”

గుడ్డ పైకి తీసి విప్పాను. లోపల పిప్పి. చిటికెడు నోట్లో వేసుకున్నాను. నమలక్కర్లేదు. ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు శెనక్కాయ రుచి ఎవరూ చెప్పక్కర్లేదు. మిగతా పిప్పి వంటగట్టు మీద పెట్టాను. ఇన్నాళ్లూ నన్ను దొంగని చేసింది ఈ మూట! ఆ సన్నటి అమ్మాయి ముందర తల దించుకున్నాను. మొగుడి చేత మాటలు పడ్డాను. నా పాదముద్రల కోసం నేనే పిండి చల్లుకున్నాను. కోపం ఎంత వచ్చిందంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“నేను సావల్లనే కదా నీకు? నేను సస్తే నీ కొడుక్కు సన్నటిదాన్ని తెచ్చి కట్టబెట్టొచ్చనే కదా?”

అత్త అరచేత్తో నా నోరు మూసింది. మనిషి నాలో పావువంతు ఉండదు, మామ పోయినాక ఒంటిపూట తిని ఇంకా చిక్కింది. కానీ ఆ చేతిలో ఎంత బలమో! “అట్లనాకు. ఇంట్లో దీపం పెట్టేచోట అట్లనాకు త్రివేణీ. నిన్ను బతికించుకునేకే పోస్తాండా.”

“శెనక్కాయ పాలు పోసి బతికిస్తావా? తగ్గకపోతేనే కదా నాకు సావు!”

“నీకు తెలీదు. నువ్వు సదువుకున్నేదానివి. ఇట్లాంటివి మీకు తెలీవు.”

ఆమె గోడకానుకుని కిందికి జారి కూర్చుంది. నేను కింద కూర్చుంటే లేవడానికి ఇంకో మనిషి కావాలి. అయినా కూర్చున్నాను. నిలబడి అరిస్తే మా అత్త నోరు విప్పదు, ఎదురుగా కూర్చుంటే విప్పుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్నే.

కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది.

“నీకు ఆపరేషన్ అన్న పొద్దే కసాపురం స్వామికి మొక్కుకున్యా. దీన్ని బతికిచ్చి ఇంటికి పంపీ స్వామీ, దీని ఎత్తు బెల్లం నీకు తూపిస్తా అని. ఇప్పుడుండాదే, ఈ బరువు, ఈ బరువుకు తూపిస్తా అని చెప్పుకున్యా. నువ్వేమో తగ్గల్లంటివి. ఆపరేషనైనాక ఇంగా తగ్గిపోతావంట. సగమైపోతావంట. అప్పుడు పోయి తక్కెట్లో కూసుంటే దేవునికి సగం బెల్లం ఇచ్చినట్టు కాదా? ఆయప్ప ఊరికే ఉంటాడా?”

నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. “దేవుడు బెల్లం అంగడి పెట్టుకున్నాడా అత్తా, రవంత తగ్గితే కోపం చేసుకునేకి?”

“మీ మామకు ఏమాయె మరి?”

మామ జయరాముడు పోయి ఏడాది కావస్తోంది. కణేకల్ దగ్గర పొలం చూసుకుంటూ, వరిమళ్ల గట్ల మీద నడిచి నడిచి గట్టిగా, దిట్టంగా ఉండే మనిషి. కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేసినాక పదోరోజు పోయాడు.

“గడ్డ అని తెలిసిన పొద్దు మొక్కుకున్యా మీ మామ కోసరం గూడా. అప్పుడెట్లుండె? ఇంత రొమ్ము, ఇంత భుజం. దుడ్లు లేవు, శెనక్కాయ అమ్మినాక తూపిద్దాం అనుకుంటిమి. అంతలోపల మనిషి కరిగిపాయె. తక్కెట్లో కూసోబెట్టినప్పుడు నువ్వుంటివి కదమ్మే, చూసినావు కదా. నాలుగు బెల్లం అచ్చులు పెడ్తూనే ఆయప్ప లేచిపాయె పైకి. శశిగాడు నవ్వె. నాయన మనకు బెల్లం మిగిలిచ్చినాడు అనె. నాకు గుండె ఝల్లుమనె. ఎంత మొక్కినాం, ఎంత ఇస్తాండాం! దేవునికి తక్కువ తూసినాం త్రివేణీ. అందుకే తీసకపాయె.”

అత్త ఏడవలేదు. ఏడాదిగా ఈ మాట ఎవరికీ చెప్పకుండా లోపలే పెట్టుకుని, ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. నాకే కళ్లు నిండాయి. మామ తక్కెడలో గాల్లోకి లేవడం నేనూ చూశాను. ఆ రోజు అందరం ప్రసాదం బెల్లం తింటూ మాట్లాడుకున్నాం, ఈమె ఒక్కతే తినలేదు. ఒక్కపొద్దు ఉందేమో అనుకున్నాను.

“అయితే నన్ను ఇప్పుడే తీసకపోయి తూపియ్యొచ్చు కదా? నాకు దొంగతనంగా పోసేదేంటికి?”

“యాడమ్మా తూపిచ్చేది? ఏటి సూతకం ఉండాది కదా. మీ మామ ఏడాది దినం అయ్యేదాకా మనం గుడి మెట్లు ఎక్కకూడదు, మొక్కు తీర్చకూడదు. ఉగాది దాటితే ఏడాది అయిపోతాది. అంతవరకు నిన్ను ఇట్లే కాపాడుకుంటే చాలనుకున్యా.”

“ఉగాది దాటితే నాకు ఆపరేషనే లేదత్తా. ఈ నెలతోనే సరి.”

“లేకుంటే లేకపాయె. బతికుంటావు కదా.”

“రాత్రి ఊపిరాగిపోతే?”

“నేను లేపుతా” అంది అత్త, అదేం పెద్ద విషయమన్నట్టు. “రోజూ లేపేది ఎవురనుకున్యావు? నీకు ఊపిరి ఆగుతూనే నాకు మెలకువొస్తాది. వచ్చి భుజం కుదిపి పోతా. నువ్వు అటు తిరిగి పండుకుంటావు.”

నిద్రలో ఎవరో కుదిపినట్టు అనిపించేది, కల అనుకునేదాన్ని. ఈ ముసలామె నా పక్కన కాపలా కూర్చుంటోంది, పొద్దున్నే లేచి నాకు విషం లాంటిది కలుపుతోంది. రెండూ ఈ చేతులే. కోపం ఎక్కడికి పోయిందో నాకు తెలియలేదు. అట్లాగని క్షమించాలనీ లేదు. నా తేదీలు రెండు మింగేసిన మనిషి.

కానీ సోమవారం ఇంకా నా చేతిలోనే ఉంది. ఆమెకు పాఠం చెప్తే లాభం లేదు. షుగరు, కాలేయం, ఇవేవీ మా అత్తకు ఎక్కవు. ఆమె భయం బరువు గురించి. బరువు సంగతి నాకంటే ఎవరికి తెలుసు?

“అత్తా, ఒక మాట చెప్తా ఇను. మా ఆఫీసులో మామిడికాయల గంపలు బుక్ చేస్తారు చూడు. ఈడ తూసినప్పుడు ఒక బరువుంటాది. ఎండకు దారిలో వాడిపోయి ఢిల్లీలో దిగేతలికి తగ్గిపోతాది. మేం యా బరువు పట్టుకుంటాం?”

“ఏమో నాకేం తెలుసు.”

“బుక్ చేసిన పొద్దు ఎంత ఉండెనో అదే బరువు. దారిలో ఎంత తగ్గినా అదే లెక్క. నువ్వు స్వామికి నన్ను బుక్ చేసినావు. ఆ పొద్దు నేనెంత ఉన్నానో నాకు తెలుసు, కాటా చూసి చెప్తా. ఉగాది దాటినాక అంత బెల్లం పోద్దాం. నేను తక్కెట్లో లేచిపోతే నా పక్కన బియ్యం మూట పెట్టి, తగ్గినదంతా పూడ్చి తూపిద్దాం. దేవునికి ఒక్క అచ్చు గూడా తక్కువ కాదు.”

అత్త వేలికి చుట్టిన కొంగు అట్లాగే ఉండిపోయింది. “అట్ల ఒప్పుకుంటాడా స్వామి?”

“రైల్వే ఒప్పుకుంటాది. స్వామి ఒప్పుకోడా?”

ఆమె మూతి చివర చిన్న నవ్వు వచ్చింది. మామ పోయినాక ఆ నవ్వు నేను చూడడం అదే మొదలు. “మీ మామకు గూడా బియ్యం మూట పెట్టింటే...” అని, మాట మధ్యలోనే ఆపేసింది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి ఆమే లేచి, గిన్నెలో అంబలిని పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోసి వచ్చింది. నాకు చెయ్యందించి లేపింది. ఎట్లా లేపిందో ఆ దేవుడికే తెలియాలి. “ఈ మాపు నుంచి ఉత్త అంబలే పోస్తా. నీ మింద ఒట్టు” అంది. సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. నాలుగు రోజులు నిజంగా కడుపు మాడితే తగ్గుతానా? తగ్గుతాను. నా ఒంటి మీద నాకు నమ్మకం మళ్లీ వచ్చింది. నేను దొంగని కాదు. ఆ ఒక్క మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో!

అత్త గుడ్డ జాడిస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. “మరి వానికేం చెప్పల్ల?”

“ఎవురికి?”

“శశిగానికి. రేపు గూడా రుబ్బుతాడు కదా.”

“ఏం రుబ్బుతాడు?”

“శెనక్కాయ ఇత్తనాలు. రోజూ రుబ్బిచ్చేది వాడే కదమ్మా. నాకు మిక్సీ అంటే భయం. మొదట్లో నేను రోట్లో దంచి ముద్దగా ఏస్తాంటి. అట్లేస్తే తెలిసిపోతాదిమా, పాలు తీసి వడగట్టి పొయ్యి, పైన అల్లం ఎక్కువెయ్యి అన్యాడు వాడే. మంచి కొడుకు. నా మొక్కు కోసరం రోజూ పొద్దున్నే లేస్తాండాడు.”

మిక్సీ. పొద్దున్నే నేను స్నానానికి వెళ్లినప్పుడు వినిపించే మిక్సీ. వంటింట్లో గ్లాసు ఎక్కడుందో తెలియని మగాడు, ఈమధ్య తన చట్నీ తనే చేసుకుంటున్నాడని, నాకు పని తగ్గిస్తున్నాడని ఎంత మురిసిపోయాను! బాత్రూములో నీళ్లు పోసుకుంటూ నవ్వుకున్న రోజులున్నాయి.

శశికుమార్‌కి మొక్కుల మీద నమ్మకం లేదు. సొంత నాయన తులాభారంలో నవ్వినవాడు. ‘ఇంత బెల్లం తింటే స్వామికే షుగరొస్తాది’ అని గుడిలోనే అన్నవాడు. ఆయన అమ్మ మొక్కు కోసం తెల్లారగట్ట లేవడమా? అదీగాక ఒక చేత్తో ఆ పాలు పోయిస్తూ, రెండో పక్క నన్ను దొంగతిండి తింటున్నావని తిట్టడమా? అత్తకు భయం ఉంది, భక్తి ఉంది. ఆయనకేముంది?

గేటు చప్పుడైంది. స్కూటరు లోపలికి తోసిన శబ్దం, తర్వాత గార్డు పెట్టె అరుగు మీద పెట్టిన శబ్దం. ఆయన లోపలికి వచ్చాడు. నన్ను చూశాడు, గట్టు మీద పిప్పిని చూశాడు, వాళ్లమ్మ చేతిలో తడిగుడ్డని చూశాడు. ఇంత జల్దీ ఎట్లొచ్చినావని నన్ను అడగలేదు.

“చెప్పేసినావా మా?” అన్నాడు.

“ఏంటికి బావా?” అన్నాను.

టోపీ తీసి మేకుకు తగిలించి, నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎన్నాళ్లయిందో ఆయన నా చేతులు పట్టుకుని. “నీకు చెప్పకూడదనుకున్యా. పోయిన నెల నేను బండి మింద డ్యూటీలో ఉన్నప్పుడు ఆ బెంగళూరు డాక్టరు ఫోన్ చేసినాడు. మీ ఇంటామె గుండె మత్తుకు తట్టుకోదు, బల్ల మీదనే పోయినా పోతాది అన్యాడు. ఆమెకు చెప్తే బెదురుకుంటాది, మీరే ఎట్లన్నా చేసి ఆపుకోండి అన్యాడు. నేనేం చెయ్యల్ల త్రివేణీ? వద్దంటే నువ్వు ఇంటావా? అందుకే అమ్మ మొక్కు అడ్డం పెట్టుకున్యా.”

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నమ్మాలని ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. నన్ను పోగొట్టుకోవడం ఇష్టం లేని మొగుడు, నన్ను నిద్రలో కాపలా కాసే అత్త. అట్లాంటి ఇంట్లో నేనున్నానని నమ్మడానికి ఒక్క అడుగే. చేతులు ఆయన చేతుల్లో అట్లాగే ఉంచాను.

“యా నంబరుకు చేసినాడు బావా?”

“నా సెల్లుకే. ఇంగ యా నంబరుకు చేస్తాడు?”

అప్పుడు చేతులు వెనక్కి తీసుకున్నాను. ఆస్పత్రిలో నేను ఇచ్చింది ఒక్క నంబరే, మా పార్సిల్ ఆఫీసుది. ‘నేను డ్యూటీలో ఉంటా, నా సెల్లు నంబరు ఆస్పత్రికి ఇయ్యద్దు’ అని ఖచ్చితంగా చెప్పింది ఆయనే. వాళ్ల దగ్గర ఆయన నంబరు లేదు.

“సరే బావా” అన్నాను. “సోమవారం నువ్వు గూడా నాతో బెంగళూరుకు రా. ఇదే మాట డాక్టరు ముందర కూసోని చెప్పు. ఆయన అవునంటే నేను ఆపరేషన్ మానుకుంటా. అత్త సాక్షి.”

ఆయన కళ్లలో నీళ్లు ఎంత తొందరగా వచ్చాయో అంత తొందరగా ఆరిపోయాయి. వాళ్లమ్మ వైపు ఒకసారి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, బూట్ల తాళ్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

“నేను రాను. నువ్వు గూడా పోయే పని లేదు” అన్నాడు తల ఎత్తకుండా. “ఆడ నీ పేరు తీసేయించి వారమాయె.”